ముట్టు రాలేదా? మందుకు ముందు దారి చూడండి

పదిహేనేళ్ళు నిండిన పిల్ల. తోటివాళ్ళంతా పెద్దమనుషులయ్యారు, ఈమెకు ముట్టు రాలేదు. కానీ ప్రతి నెలా నాలుగైదు రోజులు పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంది. దాదీమా నువ్వులు బెల్లం తినిపిస్తుంది. తగ్గకపోతే అమ్మీ దవాఖానాకు వచ్చి "హకీం సాబ్, ముట్టు జారీ అయ్యే మందివ్వండి" అంటుంది.

ఇక్కడ హకీం చెయ్యి ఆగాలని నా అభిప్రాయం. యునానీలో ఎహ్తెబాసె తమ్స్‌కు, అంటే ముట్టు ఆగిపోవడానికి, అబ్‌హల్, తుఖ్మె కరఫ్స్ వంటి మందులున్నాయి. నిజమే. కానీ ముట్టు తయారు కాకపోవడం వేరు, తయారైనా బయటికి దారి లేకపోవడం వేరు. కొందరు పిల్లలకు పుట్టుకతోనే యోనిద్వారాన్ని పలుచని పొర పూర్తిగా మూసేస్తుంది. కొందరికి ఇంకా లోపల అడ్డుగోడ ఉంటుంది. నెలనెలా నెత్తురు లోపలే పేరుకుంటుంది. తూము మూసిన తొట్టిలో నీళ్ళు పైకెక్కినట్టు, అది గర్భనాళాల గుండా వెనక్కి మళ్ళి కడుపులో పడుతుంది. దాంతో వెళ్ళిన గర్భసంచి లోపొర కణాలు అండాశయాల మీదా చుట్టుపక్కలా అతుక్కుని పెరిగితే అదే ఎండోమెట్రియోసిస్. ఇలా వెనక్కి మళ్ళడమే కారణమని అమెరికా డాక్టరు జాన్ శాంప్సన్ 1920లలో చెప్పాడు. ఈ జబ్బున్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏ అడ్డూ ఉండదు, ఆ మాటా చెప్పాలి. కానీ అడ్డున్న పిల్లల్లో ఇది చిన్న వయసులోనే కనబడుతుంది. అడ్డు తీసేస్తే చాలాసార్లు తగ్గుతుంది కూడా. అలాంటి పిల్లకు ముట్టు జారీచేసే మందిస్తే మూసిన తలుపు వెనక ఇంకా నెత్తురు నింపినట్టే.

ఇది ఇంగ్లీషు వైద్యం మాట అనుకోకండి. ఇబ్నె సీనా 'ఖానూన్'లో దీన్ని రత్ఖా అన్నారు. కార్డోబా జహ్రావీ సాహెబ్ 'అత్తస్రీఫ్'లో దీనికి చెప్పింది కషాయం కాదు, శస్త్రం.

ఇంకొక రకం మోసం చేస్తుంది. గర్భసంచి రెండుగా ఉండి ఒకవైపే మూసుకుంటే, రెండోవైపు నుంచి ముట్టు మామూలుగానే వస్తుంది, నొప్పి మాత్రం నెలనెలా పెరుగుతుంది. వీళ్ళలో తరచుగా అదేవైపు మూత్రపిండం ఉండదు. అందుకే స్కానింగులో మూత్రపిండాలు కూడా చూడమని అడగండి.

"ఆపరేషనంటే రేపు నిఖా మాటేంటి?" అని కొందరు తల్లులు భయపడతారు. కడుపు మీద చేసే స్కానింగు లోపల దేన్నీ తాకదు. పొర తెరవడం చిన్న ఆపరేషనే, డాక్టరు కాగితం మీద కారణం రాసిస్తారు. దాచిపెట్టి ఏళ్ళు గడిపితే గర్భనాళాలు, అండాశయాలు దెబ్బతింటాయి, సంతానానికే ఇబ్బంది. బళ్ళారి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో స్త్రీల విభాగం ఉంది. అక్కడ చూపించుకుని, అడ్డు లేదని తేలాక రండి. అప్పుడు నాడి చూస్తాను.