కుక్కపిల్లకు తొలి పాఠాలు

పిల్లలూ! చలికాలం వచ్చిందంటే మన కర్నూలు, కడప పల్లెల్లో ఏ వామిదొడ్డిలో చూసినా కుక్కపిల్లలు కుయ్ కుయ్ మంటూ కనిపిస్తాయి. మీలో ఎవరో ఒకరు ఒక పిల్లను చొక్కాలో దాచుకుని ఇంటికి తెస్తారు. “ఏడనుంచి తెస్తివిరా దీన్ని?” అని అమ్మ కేకలేస్తుంది. సాయంత్రానికి ఆమే దానికి గిన్నెలో మజ్జిగన్నం పెడుతుంది. మరి ఆ తరువాత ఏం చేయాలి?

ముందు ఒక మాట. కుక్కపిల్లకు రెండు వారాలు నిండితేగాని కళ్లు తెరుచుకోవు. ఎనిమిది వారాలైనా అది తల్లి దగ్గర ఉండాలి. గట్టిగా కొరికితే తోడిపిల్ల కుయ్యోమని ఆట మానేస్తుందన్న సంగతి అది అక్కడే నేర్చుకుంటుంది. మీ ఇంట్లోనూ అదే పద్ధతి. అది మీ చేతిని కొరికితే కొట్టకండి, లేచి వెళ్లిపోండి. ఆట పోయిందని దానికి తెలుస్తుంది.

1961లో ఫ్రీడ్‌మన్, కింగ్, ఎలియట్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఒక వింత పరీక్షను గురించి రాశారు. ఎత్తయిన కంచె వేసిన మైదానంలో కుక్కపిల్లలను తల్లులతో వదిలారు. మనుషులు వాటి కంటపడరు. కొన్నింటిని రెండో వారంలో, కొన్నింటిని మూడు, ఐదు, ఏడు, తొమ్మిది వారాలప్పుడు తెచ్చి, ఒక వారం మనుషుల మధ్య ఉంచి తిరిగి పంపేవారు. మిగిలిన కొన్నింటిని పద్నాలుగు వారాల దాకా ముట్టుకోనే లేదు. ఈ చివరివి అడవి జంతువుల్లా తయారయ్యాయి! మనిషి దగ్గరికి వస్తే బెదిరి పారిపోయేవి. వాటిని మచ్చిక చేయడం మహా కష్టమయింది.

ఈ సంగతి నాకు చిన్నప్పుడు తెలియదు. “కట్టేస్తే కుక్కకు రోషం వస్తుంది” అని ఎవరో చెప్పగా, నా కుక్కపిల్లను మూడు నెలలు పెరట్లో వేపచెట్టుకు కట్టేశాను. దానికి నేను తప్ప మరో మనిషి తెలియదు. ఒకనాడు తాడు తెంపుకుని, పేడ ఎత్తడానికి వచ్చిన మా అవ్వ చేతిని పట్టుకుంది. ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆస్పత్రికి వెళ్లిన ప్రతిరోజూ అవ్వ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

కాబట్టి మీ కుక్కపిల్లకు మూడు నెలలు నిండేలోగా లోకం చూపించండి. గొడుగు పట్టినవాళ్లు, తలపాగా చుట్టినవాళ్లు, గొర్రెలమంద, ట్రాక్టరు, జాతరలో పలక చప్పుడు, అన్నీ దూరంనుంచి మొదలుపెట్టి మెల్లగా పరిచయం చేయాలి. టీకాలు పూర్తికాకముందు వీధిలో నేలమీద వదలకండి, జబ్బులు అంటుకుంటాయి. చంకన ఎత్తుకుని చూపించండి. భయపడితే లాక్కుపోకండి.

నిద్ర లేవగానే, తిండి తినగానే దాన్ని పెరట్లోకి తీసుకుపోండి. అక్కడ పని ముగించగానే చిన్న రొట్టెముక్క ఇచ్చి మెచ్చుకోండి. ఇంట్లో తడిపితే మూతిని అందులో రుద్దేవాళ్లున్నారు. దానివల్ల అది నేర్చుకునేది ఒక్కటే, మిమ్మల్ని చూసి దాక్కోవడం!

జొన్నరొట్టె, సంగటి, గుడ్డు పెట్టవచ్చు. కాని కర్నూలు మార్కెట్టుకు పేరు తెచ్చిన ఎర్రగడ్డ కుక్కకు విషం. నెత్తుటిలోని ఎర్రకణాలను చిట్లగొడుతుంది. ఎర్రగడ్డ వేసిన కూర కలిపిన అన్నం పెట్టకూడదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కడపబండల మీద నడిపించకండి. మీ అరచేతి వెనుకవైపు ఆ బండకు ఆనించి ఐదు లెక్కపెట్టండి. మీరు ఓర్వలేకపోతే దాని పాదాలూ ఓర్వలేవు.

ఇక పెద్ద సంగతి. ఆటలో పంటి గాటు పడినా, గోరు గీరుకున్నా తిడతారని దాచవద్దు. వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం పూయకూడదు. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలి. ఇప్పుడా బొడ్డు సూదులు లేవు. టీకా భుజానికే వేస్తారు. వెర్రికుక్క వ్యాధి లక్షణాలు బయటపడ్డాక మాత్రం దాదాపు ఎవరూ బతకరు.

మీ పిల్లకు మూడు నెలలు రాగానే పశువైద్యశాలలో ఆ టీకా వేయించండి; తరువాత డాక్టరుగారు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. 1885 జులై 6న పాశ్చర్ తన టీకాను జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల కుర్రవాడికి వేయించాడు. ఏటా ఆ తేదీన మన పశువైద్యశాలల్లో చాలాచోట్ల కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. ఆ రోజు అక్కడ కుక్కలు చాలా ఉంటాయి గనుక, మీ పిల్ల మెడపట్టీ గట్టిగా ఉందో లేదో ఇంటి దగ్గరే చూసుకుని బయలుదేరండి.