ఆలుగడ్డలకు సెలవు ఉంది, ఇప్పపువ్వుకు లేదు

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి.

మొన్న ఆదివారం హన్మకొండల మా హాస్టల్ రూమ్‌ల నలుగురం కూర్చొని ఫోన్‌ల వీడియోలు చూస్తున్నం. అమెరికాల ఉండే ఒక తెలుగు అక్క, వాళ్ల పిల్లల రోజు ఎట్ల గడుస్తదో చూపిస్తున్నది. పొద్దున ఇంటి ముందుకు పసుపు బస్సు వస్తది, మధ్యాహ్నం మూడు దాటంగనే అదే బస్సు తెచ్చి దింపుతది, ఇక ఆట. మాల ఒకడు నవ్విండు. "మూడింటికి వాళ్లు ఇంటికి. మూడింటికి మనకు ఇంకా పీరియడ్లు, తర్వాత గేమ్స్, తర్వాత స్టడీ అవర్, అన్నం తిన్నంక మళ్ల స్టడీ అవర్" అన్నడు. నలుగురం నాలుగు జిల్లాల బడుల్ల చదివినం. ఒకరిది గురుకులం, ఇద్దరిది ఆశ్రమ పాఠశాల, ఒకరిది సర్కారు బడి, పక్కన హాస్టల్. లెక్క చేస్తే నలుగురిది ఒకటే రోజు. ఐదింటికి గంట, బకెట్ పట్టుకొని లైన్ల నిలబడుడు, స్టడీ, టిఫిన్, ప్రేయర్, తరగతులు, రాత్రి తొమ్మిదిన్నరకో పదింటికో లైట్లు బంద్. ఐదో తరగతి నుంచి ఇంటర్ దాకా మన రోజుల ఖాళీ గంట ఒక్కటి లేదు.

ముందైతే కుళ్లు పుట్టింది, దాచుకునుడు ఎందుకు. తర్వాత ఏ దేశంల బడి ఎట్ల నడుస్తదో దొరికింది దొరికినట్టు చదివినం. చదివినకొద్దీ కుళ్లు పోయి వేరే ప్రశ్న మొదలైంది. అందుకే ఈ పోస్టు.

మన బడి జూన్ 12కు తెరుస్తరు. జపాన్‌ల చదువు ఏడాది ఏప్రిల్‌ల మొదలైతది. ఆస్ట్రేలియాల జనవరి చివర్ల, ఎందుకంటే అక్కడ డిసెంబర్, జనవరే ఎండాకాలం. ఫిన్లాండ్‌ల పిల్లలు ఏడేండ్లకు గాని ఒకటో తరగతికి రారు, ముప్పావుగంట పాఠం అయినంక పావుగంట బయటికి వదులుతరు, అందరికీ మధ్యాహ్నం ఉచిత భోజనం 1948 నుంచి చట్టంగా ఉంది. జపాన్ బడుల్ల పిల్లలే అన్నం వడ్డిస్తరు, పిల్లలే తరగతి గదులు ఊడుస్తరు. మేమూ ఊడ్చినం. మనకాడ ఊడిస్తే పేపర్‌ల వార్త అయితది, వాళ్లకాడ ఊడిస్తే అది పాఠం. తేడా ఏందంటే అక్కడ డబ్బున్నోళ్ల పిల్లలు కూడా ఊడుస్తరు.

బయట దేశాలన్నీ స్వర్గం అని చెప్పుటానికి ఇది రాస్తలేం. దక్షిణ కొరియాల బడి అయినంక పిల్లలు ట్యూషన్ సెంటర్లకు పోతరు. రాత్రి పది దాటితే అవి మూసెయ్యాలని సియోల్ నగరంల రూల్ పెట్టాల్సి వచ్చింది. రూల్ పెట్టిండ్రంటే అంతకుముందు ఎంతదాకా నడిచేవో మీరే అనుకోండి.

నిద్ర సంగతి మాత్రం ఇంకొంచెం చెప్తం. పదమూడు నుంచి పద్దెనిమిదేండ్ల పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని నిద్ర మీద పనిచేసే అమెరికా డాక్టర్ల సంఘం చెప్తది. ఆ వయసుల ఒంట్ల గడియారమే వెనక్కి జరుగుతదట, రాత్రి తొందరగ నిద్ర రాదు, పొద్దున తొందరగ మెలకువ రాదు. అందుకే కాలిఫోర్నియా రాష్ట్రం 2019ల చట్టం చేసి, 2022 జులై నుంచి హైస్కూళ్లు పొద్దున ఎనిమిదిన్నరకు ముందు మొదలుపెట్టొద్దన్నది. మన లెక్క చూడండి. పదింటికి లైట్లు బంద్, ఐదింటికి గంట. అంటే ఏడు గంటలు, అది కూడా దోమలు కుట్టకుంటే. తొమ్మిదో తరగతిల స్టడీ అవర్‌ల కునికినందుకు మాల ఒకరు గంటసేపు మోకాళ్ల మీద నిలబడ్డరు. సార్‌ది తప్పు అనం, ఆయనా నాలుగున్నరకే లేచిండు.

అయినా పొద్దుగాల లేచుడు మనకు కొత్త కాదు. ఇప్పపువ్వు రాలే కాలంల అవ్వతోటి చీకట్లనే లేచి గంప పట్టుకొని పోయినోళ్లమే. ఎండ ఎక్కకముందు, పశువులు తినకముందు ఏరాలి. అప్పుడు ఎవ్వరూ గంట కొట్టలేదు. ఎందుకు లేస్తున్నమో తెలుసు కాబట్టి లేచినం. మమ్మల్ని పట్టుకున్న ప్రశ్న ఇదే. ఈ టైంటేబుల్ ఎవరు రాసిండ్రు, ఎవరి బతుకు చూసి రాసిండ్రు?

ఇప్పుడు ఆలుగడ్డల కథ. అమెరికాల ఈశాన్యం మూలకు మెయిన్ అనే రాష్ట్రం, దాంట్ల అరూస్టుక్ అనే జిల్లా ఉంది. ఆలుగడ్డల పంటకు పేరు. అక్కడ కొన్ని బడులు ఆగస్టులనే తొందరగ తెరిచి, సెప్టెంబర్ చివర్ల పంట తవ్వే కాలానికి కొన్ని వారాలు మూసేస్తయి. పిల్లలు పొలాలకు పోయి పని చేసి, కూలి తెచ్చుకొని మళ్ల బడికి వస్తరు. స్కాట్లాండ్‌ల అక్టోబర్ సెలవులను ఇప్పటికీ ఆలుగడ్డల సెలవులనే పిలుస్తరు. ఇప్పుడు అక్కడ పిల్లలు పొలానికి పోరు, పేరు మాత్రం మిగిలింది. కొలంబియాల కాఫీ తోటల ఊర్లకు 1970లల కొత్త రకం పల్లె బడి పెట్టిండ్రు, ఎస్క్వేలా నువేవా అంటరు. కాఫీ కోతకు పోయిన పిల్ల తిరిగొస్తే ఫెయిల్ అనరు. ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మొదలుపెడతది, పాఠాలు అట్లనే రాసి ఉంటయి.

అంటే పంటను చూసి, పండుగను చూసి, చలిని, ఎండను చూసి బడి క్యాలెండర్ కోసుకునుడు వెనుకబడినోళ్ల పని కాదు. ధనిక దేశాలు కూడా చేసిన పని. మన క్యాలెండర్ కూడా కోసిందే, కాని మన కొలతలతోటి కాదు.

మన ఏడాది చూడండి. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్‌ల రాలుతది, సరిగ్గ అప్పుడే పదో తరగతి పరీక్షలు. మిర్చి ఏరుడు జనవరి నుంచే మొదలైతది, ఎనుమాములకు బస్తాలు పోయే కాలంల ఇంట్ల ఒక్కరుండరు, ప్రీ ఫైనల్ కూడా అప్పుడే. తునికాకు ఎండకాలం సెలవుల్ల పడుతది కాబట్టి ఏ ఇబ్బంది లేదు. పత్తి మొదటి ఏరుడు దసరా సెలవులకు కొంచెం కలుస్తది. అది కలిసొచ్చుడే తప్ప పత్తిని చూసి ఇచ్చిన సెలవు కాదు.

ఇక పండుగలు. దసరాకు పన్నెండు, పదమూడు రోజులు ఇస్తరు, సంక్రాంతికి ఇస్తరు. మంచిదే, మనమూ ఆడుతం, తింటం. తీజ్‌కు లేదు. శ్రావణంల తండాల పెండ్లికాని ఆడపిల్లలు బుట్టల గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతరు. బుట్ట ఎంత పచ్చగ పెరిగితే అంత సంబురం. మాల ఒకరి చెల్లె ఆరో తరగతి నుంచి గురుకులంల ఉంది. ప్రతి ఏడు ఆమె పేరు మీద బుట్ట పెడతరు, నీళ్లు మాత్రం పిన్ని కూతురు పోస్తది. పోయినేడు ఆఖరి రోజు నిమజ్జనానికన్నా పంపమని వాళ్ల నాన్న పోయి అడిగిండు. "సెలవు లిస్టుల లేదు" అన్నరు. నిజమే, లిస్టుల లేదు. ఆయన గేటు బయట కాసేపు కూర్చొని, తెచ్చిన చీర లోపలికి పంపి వచ్చిండు. ఆ పిల్లకు ఇప్పుడు పదహారేండ్లు. ఇంకో నాలుగేండ్లకు పెండ్లి అయితే ఆమె తన బుట్టకు తాను ఒక్కసారి కూడా నీళ్లు పోయకుండనే ఆ వయసు దాటిపోతది.

కోయ గూడేలల్ల విత్తనాల పండుగ, కొత్తల పండుగ కూడా అంతే. (తీజ్ ఎక్కువనా, విత్తనాల పండుగ ఎక్కువనా అనే పంచాది ఇక్కడ వద్దు, బయట చాలినంత ఉంది.)

మరి స్థానికంగా సెలవు ఇచ్చుడు కుదరదా? మేడారం జాతరకు కుదురుతున్నది కదా. 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24 దాకా జాతర జరిగితే ములుగు జిల్లాల బడులకు స్థానిక సెలవులు ఇచ్చిండ్రు. అవి ట్రాఫిక్ కోసం ఇచ్చిన్రా, తల్లుల కోసం ఇచ్చిన్రా అంటే చెప్పలేం. ఎందుకంటే కోయ కుటుంబాలకు జాతర ఆ నాలుగు రోజులే కాదు, గుడిమెలిగె, మండమెలిగెతోనే మొదలైతది. ఆ బుధవారాలకు మాత్రం బడి మామూలే.

మన పెద్దోళ్లే ఒక మాట అంటరు. "సెలవులు ఎక్కువిస్తే పోరగాళ్లు తిరిగి రారు. పత్తికి పోతరు, ఆడపిల్లకు పెండ్లి చేస్తరు." ఈ మాటను మేం తేలికగ తీసుకోలేం. దసరాకు ఇంటికి పోయి తిరిగి రానోళ్లు మా నలుగురి తరగతుల్ల కూడా ఉన్నరు. మా ఇండ్లల్ల డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనుషులం మేమే, అది హాస్టల్ లేకుంటే జరిగేది కాదు. కూలికి పంపుటానికి సెలవు కావాలని మేం అడుగుతలేం. అరూస్టుక్ పద్ధతి మనకు వద్దనే మా అభిప్రాయం. అక్కడ కూడా ఈ సెలవు ఇంకా ఎందుకని వాదన నడుస్తున్నది, కొన్ని బడులు తీసేసినయి. కాని ఒకటి ఆలోచించండి. తిరిగి రాని పిల్ల సెలవు ఇచ్చినందుకే రాలేదా? వారం ఆలస్యమైతే నిలబెట్టి తిడతరని, పాఠం అందదని భయపడి కూడా రాలేదా? కొలంబియా బడి ఆ భయాన్ని తీసేసింది. మన బడి ఇంకా రిజిస్టర్ల ఎర్రగీత కొడుతున్నది.

ఇంకో దేశం సంగతి చెప్తం. అలాస్కాల మూలవాసుల ఊర్లల్ల హైస్కూళ్లు ఉండేవి కావు. పద్నాలుగేండ్ల పిల్లలను వేల మైళ్ల దూరం, ఆరెగాన్, ఓక్లహోమా బోర్డింగ్ బడులకు పంపేవాళ్లు. మోలీ హూచ్ అనే అమ్మాయి పేరు మీద 1972ల కేసు వేసిండ్రు. 1976ల ప్రభుత్వం రాజీకి వచ్చి 126 ఊర్లల్ల హైస్కూలు పెడతమని ఒప్పుకున్నది. కెనడాల అయితే మూలవాసుల పిల్లలను ఇండ్ల నుంచి లాక్కపోయి పెట్టిన రెసిడెన్షియల్ బడుల మీద నిజనిర్ధారణ కమిషన్ వేసి, 2015ల 94 సిఫారసులు ఇచ్చిండ్రు. మన గురుకులాలను వాటితోటి పోల్చుడు న్యాయం కాదు, మనల్ని ఎవ్వరూ గుంజకపోలేదు, మన అమ్మానాయినలే సీటు కోసం లైన్ల నిలబడ్డరు. అయినా ఇంటి నుంచి దూరం పెట్టి చదివించుడుల పిల్ల ఏం పోగొట్టుకుంటదో ఆ దేశాలు లెక్క కట్టినయి. మనం ఇంకా కట్టలేదు. మా నలుగుర్ల ఇద్దరికి అవ్వతోటి మాట్లాడుతుంటే మధ్యల మన భాష మాట దొరకక తెలుగు మాట వేసుడు అలవాటైంది. అవ్వ నవ్వి ఊరుకుంటది.

మన నేల మీద కూడా ఒకప్పుడు వేరే తీరుగ ఆలోచించిండ్రు. 1940ల కొమురం భీం అమరుడైనంక నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. ఆయన 1943ల మార్లవాయిల గోండు యువకులకే పంతుళ్ల శిక్షణ పెట్టించిండు, గోండి భాషల వాచకాలు చేయించిండు. అంటే బడి ఊరిని చూసి నడవాలనే మాట మనకాడ ఎనభై ఏండ్ల కిందనే పుట్టింది.

కాయిదం మీద కూడా మన పక్కనే ఉంది. 1986 జాతీయ విద్యా విధానం బడి వేళలు, సెలవులు పిల్లల వీలును బట్టి మార్చుకోవాలన్నది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం బడి క్యాలెండర్‌ను జిల్లా స్థాయిల, జిల్లా పరిషత్తును అడిగి వేసుకోవచ్చన్నది. విద్యాహక్కు చట్టం ఐదో తరగతి దాకా 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలంటది. ఎన్ని రోజులో చెప్పింది గని ఏ రోజులో చెప్పలేదు. మనం ఒక్క రోజు కూడా తగ్గించమంటలేం. దసరా సెలవుల్ల నుంచి మూడు రోజులు తీసి తీజ్‌కు ఇస్తే, రెండు తీసి విత్తనాల పండుగకు ఇస్తే 220 అట్లనే ఉంటది. తండాల పిల్లలు ఎక్కువున్న బడికి ఒక తీరు, గూడెం పిల్లలు ఎక్కువున్న బడికి ఒక తీరు. ఐటీడీఏ పరిధిల ఈ పని హైదరాబాద్‌ల కన్నా ఏటూరునాగారంల కూర్చొని చేసుడే సులువు. దానితోపాటు సాయంత్రం ఒక్క గంట ఏ పేరూ లేకుండ వదిలేస్తే చాలు, గేమ్స్ అని కూడా రాయొద్దు. తొమ్మిది, పది తరగతులోళ్లకు పొద్దుటి గంట ఐదు నుంచి ఆరుకు జరపాలె. ఖర్చు లేని పనులు ఇవి.

మేం నలుగురం ఒక తెల్ల చార్ట్ తెచ్చి పన్నెండు గడులు గీసినం. పైన బడి క్యాలెండర్, కింద ఊరు క్యాలెండర్. పై గడులు పావుగంటల నిండినయి, అన్నీ గుర్తున్నయి. కింద గడులు సగం ఖాళీగ ఉన్నయి. ఏ పండుగ ఏ వారంల వస్తదో, ఏ పని ఎన్ని రోజులు నడుస్తదో మాకే సరిగ తెల్వదని అప్పుడు తెలిసింది. అందుకే ఈసారి ఇంటికి పోయినప్పుడు ఎవరి ఊరి గడులు వాళ్లు అమ్మను, అవ్వను, తండా నాయక్‌ను, గూడెం పటేల్‌ను అడిగి రాసుకరండి. తారీకులు రాకుంటే నెల, అమావాస్య, పున్నమి రాసినా సరిపోతది. వచ్చే జూన్‌కు క్యాలెండర్ తయారయ్యేలోపు, మార్చిలనే గిరిజన దర్బార్‌ల పీఓ సార్‌కు ఇద్దాం. చార్ట్ మా రూమ్ తలుపు వెనకాల అతికించి ఉంది, పెన్ను దారం కట్టి పెట్టినం.