దేశసంచారము: సముద్రమధ్యమున జంటదీవులు

బీర్పూరునుండి మా పాఠకురాలొకతె యిట్లు వ్రాసినది: "వచ్చు మాఘమాసమున మా కుమారుడును కోడలును మమ్ము అండమాను దీవులకు తీసికొనిపోవ నిశ్చయించినారు. నేనింతవఱకు సముద్రమును చూచి యెఱుగను. అచట జంటదీవులున్నవట. వానిలో చూడదగినవేవి? మా వాడకట్టువారందఱును పగడములు తెమ్మనుచున్నారు. అవి యచట చౌకగా దొరకునా?"

ఈ రెండు ప్రశ్నలలో రెండవదానికి ప్రత్యుత్తరము మొదటిదానిలోనే యున్నది. కావున ఈ నెల యీ పుటను ఆ దీవులకే కేటాయించుచున్నాము.

సముద్రమును చూడనివారికి అది యెక్కడనో దూరదేశమని తోచును. కాని బీర్పూరు చెంతనుండి పాఱి, ధర్మపురి నరసింహుని పాదముల చెంత మనము స్నానమాడు గోదావరియే అంతర్వేది నరసింహుని సన్నిధిని బంగాళాఖాతమున కలియుచున్నది. ఆ జలరాశికి తూర్పుకొనను, విశాఖపట్టణమునుండి సుమారు 1200 కిలోమీటర్ల దూరమున, అండమాను దీవులు ఉత్తర దక్షిణములుగా వరుసదీరి యున్నవి. వానిలో మన సోదరి యడిగిన జంట స్వరాజద్వీపము, శహీద్ ద్వీపము. ముఖ్యపట్టణమగు పోర్టుబ్లెయిరునకు 2024లో శ్రీవిజయపురమని పేరు మార్చినారు. అచటినుండి ఈశాన్యముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున నీ దీవులున్నవి. ఓడలో రెండుగంటల ప్రయాణము. చెన్నపురి, కలకత్తా, విశాఖపట్టణముల నుండి పట్టణమువఱకు ఓడలు పోవును గాని రెండు మూడు దినములు పట్టును. త్వరపడువారికి విమానము గలదు.

ఈ దీవులకు పూర్వము హేవ్‌లాక్, నీల్ అను పేర్లుండెను. 1857 నాటి స్వాతంత్ర్యసమరమును అణచిన ఆంగ్లసేనానుల పేర్లవి. 1943 డిసెంబరు 30వ తేదీన సుభాస్ చంద్రబోసు పోర్టుబ్లెయిరున జాతీయపతాకము నెగురవేసెను. ఆ దినమునకు 75 ఏండ్లు నిండిన 2018 డిసెంబరు 30న భారతప్రభుత్వము వీనికి క్రొత్తపేర్లిడినది. శహీద్ అనగా దేశమునకై ప్రాణమిచ్చినవాడు.

గ్రామముల పేర్లు వినిన మన స్త్రీలకు మఱింత ముచ్చట కలుగును. స్వరాజద్వీపమున రాధానగరము, కృష్ణనగరము, గోవిందనగరము, శ్యామనగరము. శహీద్ ద్వీపమున సీతాపురము, రామనగరము, భరతపురము, లక్ష్మణపురము. ఒక దీవి భాగవతము, ఒక దీవి రామాయణము. దేశవిభజనానంతరము తూర్పుబంగాళమున ఇల్లు వాకిలి విడిచివచ్చిన కుటుంబములకు ప్రభుత్వము ఈ దీవులలో భూములిచ్చినది. వారు అడవిని కొట్టి, వరియు కూరగాయలును పండించి, ఊళ్లను నిలిపిరి. చిన్నదగు శహీద్ ద్వీపము నేడు అండమానులకెల్ల కూరగాయల గంప. తెనుగుమాట వినబడదేమో యని వెఱవ నక్కఱలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారము అండమాను నికోబారులలో నూటికి సుమారు 13 మంది మాతృభాష తెనుగే. చేపలవేటకై శ్రీకాకుళము, విశాఖపట్టణము సీమలనుండి పోయి స్థిరపడినవారు వారిలో ననేకులు.

ఇక చూడదగినవానిని చెప్పెదము. మొదట నొక హెచ్చరిక. మన గడియారములు దేశమంతట నొక్కటే యైనను సూర్యుడు మాత్రము తూర్పువారికే ముందు దర్శనమిచ్చును. జగిత్యాల సీమకంటె నచట ఇంచుమించు గంట ముందుగా తెల్లవాఱును, గంట ముందుగా చీకటిపడును. చలికాలమున సాయంకాలము 5 గంటలకే దీపము పెట్టవలసివచ్చును. కావున నిద్రలేచుటలో ఆలస్యము పనికిరాదు.

స్వరాజద్వీపమునకు పడమట రాధానగరపు సముద్రతీరము గలదు. 2004లో 'టైము' పత్రిక దీనిని ఆసియాఖండమున మేలైన తీరముగా నెన్నినది. 2020లో మన ఋషికొండతోపాటు దీనికిని నీలిపతాకమను అంతర్జాతీయ గుర్తింపు లభించినది. తెల్లని యిసుక, దాని వెనుక నాకాశమునంటు మహావృక్షములు. వానిలో సముద్రపు ఇప్ప యనునది మన యిప్పకును సపోటాకును చుట్టమే. పడాకు అను మఱియొక వృక్షము మన రక్తచందనమునకు, వేగిసకు తోబుట్టువు. సూర్యాస్తమయ మిచట చూడవలెను. సూర్యోదయమునకు తూర్పున కాలాపత్థరు తీరమునకు పోవలెను. పూర్వము అడవులలో దూలములను మోయుటకు తెచ్చిన ఏనుగులలో రాజన్ అను ఏనుగు ఈ దీవి సముద్రమున ఈదుచు లోకప్రసిద్ధి గాంచినది. అది 2016లో మరణించినది.

శహీద్ ద్వీపమున భరతపురతీరమున నీరు లోతు తక్కువ. అడుగున అద్దము బిగించిన పడవలలో కూర్చుండి, ఈతరాని స్త్రీలును పగడపు తోటలను, రంగురంగుల చేపలను చూడవచ్చును. లక్ష్మణపురమున సముద్రము తొలిచిన రాతివంతెన గలదు. వంగదేశీయు లగుటచేత అచటివారు దానిని హౌరా వంతెన యని పిలుతురు. దానిని సముద్రము వెనుకకు తగ్గునప్పుడే చూడవలెను. ఆ సమయమును పాటు అనియు, నీరు పొంగు సమయమును పోటు అనియు అందురు. దినమునకు రెండు పోట్లు, రెండు పాట్లు వచ్చును. ప్రతిదినము అవి సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. అమావాస్యకు, పున్నమికి పోటు మిక్కుటము, పాటున నీరు మిక్కిలి వెనుకకు పోవును. పంచాంగము చూడనేర్చిన గృహిణి తిథినిబట్టి దీనిని సులభముగా గ్రహింపగలదు. పాటువేళ రాళ్లనడుమ నిలిచిన నీటిగుంటలలో చిన్నచేపలు, పీతలు, నత్తలు కాననగును.

ఈ సౌందర్యమంతయు నెట్లు కలిగినదో తెలిసికొన్న చూపు మాఱును. మన గోదావరి యిసుక కొండరాళ్లు అరిగి యేర్పడినది. ఆ దీవుల తెల్లనియిసుకయో, చాలవఱకు పగడముల యొక్కయు గవ్వలయొక్కయు పొడి. చిలుకచేప యనునది పగడపురాతిని ముక్కుతో గొఱికి తిని, దానిని మెత్తని యిసుకగా విడుచును. పగడము రాయి కాదు, చెట్టును కాదు. ఆవగింజకంటె కొంచెము పెద్దవైన ప్రాణులు కోట్లకొలది కూడి, సముద్రజలమునుండి సున్నమును గ్రహించి కట్టుకొను ఇల్లది. వాని దేహములలో సూక్ష్మమైన నాచు కాపురముండి సూర్యరశ్మితో ఆహారము వండి వానికి పెట్టును. ఈ పొత్తే పగడమునకు రంగునిచ్చునది. నీరు రవంత వేడెక్కినను ఆ నాచు వెడలిపోవును, పగడము తెల్లబాఱి ఆకలితో మాడును. 1998, 2010, 2016 సంవత్సరములలో అండమాను సముద్రమున అట్లు జరిగినది. గుండ్రని పగడములు సంవత్సరమునకు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగును. ఒక కుండయంత కావలెనన్న పది పదునైదేండ్లు. కాలితో త్రొక్కి విఱుగగొట్టుటకు నిమిషము చాలును.

ఇప్పుడు పగడముల ప్రశ్నకు వచ్చెదము. మన పుస్తెలత్రాటికి కూర్చు ఎఱ్ఱపగడము వేఱు. అది పూర్వమునుండి మధ్యధరా సముద్రపు లోతులనుండి వచ్చునది, అండమాను తీరమున దొరకునది కాదు. దీవుల పగడము ఎండినపిదప తెల్లని గరుకురాయి, మెడలో వేసికొనుటకు పనికిరాదు. అంతేకాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున గుంటపగడములన్నింటిని 2001లో మొదటి పట్టికయందు చేర్చినారు. చచ్చిన ముక్కయైనను సంచిలో నుంచికొనుట నేరము, విమానాశ్రయమున తనిఖీదారులు పట్టుకొందురు.

"ఒక్క గవ్వ తెచ్చుకొన్న సముద్రము తఱుగునా?" యని కొందఱందురు. మేము వారిని ఒక మాట యడిగెదము. మన యింటికి వచ్చిన చుట్టములందఱు జ్ఞాపకార్థమని గోడనుండి ఒక్కొక్క ఇటుక తీసికొనిపోయిన మన యిల్లు నిలుచునా? ఖాళీగవ్వ యని మనము తలచునది సన్యాసి పీతకు కావలసిన గృహము. దానికి స్వంతచిప్ప లేదు. పెరిగినకొలది పెద్దగవ్వను వెదకి మాఱుచుండును. గవ్వలు లేని తీరమున అది యొడలు దాచుకొను చోటులేక శత్రువులకు చిక్కును. పగడపుగట్టులో, అలల వేగమును విఱిచి, తీరమున నున్న ఊళ్లను కాచు గోడలు. రవ్వ రవ్వ కూర్చి సంసారము నిలిపిన స్త్రీకి ఈ మాట మఱియొకరు చెప్పవలసిన పనిలేదు.

వాడకట్టువారికి రిక్తహస్తములతో రావలసిన పనియు లేదు. కొబ్బరిచిప్పలతో చేసిన గరిటెలు, గిన్నెలు, బొమ్మలు కొనవచ్చును. ఆ దీవుల తోటలలో పండు మిరియములు, లవంగములు, జాజికాయలు తేవచ్చును. ఒక పొట్లము విప్పిన వంటిల్లంతయు ఆ దీవిని తలచును.

పోవువారికి మఱి నాలుగు మాటలు. మాఘమునుండి చైత్రమువఱకు వానలు తక్కువ, సముద్రము శాంతము. ఈతకు హెచ్చరికపలకలు లేనిచోటనే దిగవలెను. ఉప్పునీటి మొసళ్లచట గలవు. 2010లో స్వరాజద్వీపమున ఒక విదేశీయువతి వాని వాతబడి మరణించినది. రాళ్లపై నడచునపుడు అడుగున పట్టుగల చెప్పులుండవలెను, నీటిలో పగడములపై నిలువరాదు. పిల్లలను పోటువేళ రాళ్లవద్దకు విడువరాదు. తినుబండారముల కాగితములను, సీసాలను తిరిగి సంచిలో వేసికొని రావలెను. ఓడలో తలతిరుగువారు ఖాళీకడుపుతోగాని నిండుకడుపుతోగాని యెక్కక, కొంచెము తిని యెక్కుట మేలు.

బీర్పూరు సోదరి తిరిగివచ్చిన పిదప పాటువేళ తాను చూచిన నీటిగుంటలను గూర్చి వాడకట్టు పిల్లలకు చెప్పుగాక. పగడముపై ఆశ పడినవారికి, ప్రాణమున్న పగడము నీటిలో నెట్లుండునో అద్దపుపడవనుండి చూచిన మాట చెప్పుగాక. మాకును ఒక ఉత్తరము వ్రాసినచో నీ పుటలో సంతోషముతో ప్రకటింతుము.