ముక్కుకు పదును పెట్టే లోహం మనకు వద్దు

కోకాపేట నియోపొలిస్‌లో 2023 ఆగస్టులో ఎకరం భూమి నూరు కోట్ల రూపాయలు దాటి పలికింది. అంత ఖరీదైన నేల మీద కాపురం ఉంటున్నా మనం పీల్చేది నిర్మాణాల దుమ్మునే. ఇటువంటి చోట, అందులోనూ కోవిడ్ తరువాత వాసన తెలియక బాధపడుతున్నవారికి, ‘నానో జింకుతో ఘ్రాణశక్తి పెరుగుతుంది’ అన్న మాట ఆశ కల్పించడం సహజం. ఆ ఆశతో ముక్కులో లోహం చల్లుకోవద్దని నా హెచ్చరిక.

పరిశోధన నిజమైనదే. ఒకటి రెండు నానోమీటర్ల జింకు లోహ రేణువులు, అత్యల్ప మోతాదులో, ఎలుకల ఘ్రాణకణాల స్పందనను పెంచాయని అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2009లో ప్రకటించారు. తరువాత జాగిలాలపైనా పరీక్షించారు. లోహం గాలి తగిలి ఆక్సీకరణ చెందకుండా 2017లో పాలీఇథిలీన్ గ్లైకాల్ పూత పూయగా ప్రభావం మరింత పెరిగింది. అయితే జింకు అయాన్ల రూపంలో ఉంటే వాసనకు స్పందనే అణగిపోతుందని కూడా 2009 నాటి ఆ పత్రమే చెప్పింది.

ఇది చిన్న విషయం కాదు. 1937లో టొరంటోలో పోలియో నివారణకని వేలాది పిల్లల ముక్కుల్లో జింకు సల్ఫేట్ చల్లారు. పోలియో ఆగలేదు, కొందరు పిల్లలు మాత్రం వాసన జ్ఞానాన్ని కోల్పోయారు. 2009లో జైకామ్ అనే జలుబు మందు వల్ల వాసన పోయిందని 130కి పైగా ఫిర్యాదులు రాగా, జింకుతో చేసిన ఆ ముక్కు మందులను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

“పూత ఉంది కదా, భయమెందుకు?” అంటారు. పూత ఎంతకాలం నిలుస్తుంది? అది కరిగాక జింకు ఏ రూపం దాలుస్తుంది? పీల్చిన అతిసూక్ష్మ కార్బన్ రేణువులు మెదడులోని ఘ్రాణ భాగానికి చేరినట్లు 2004లో ఎలుకలలో కనుగొన్నారు. మనుషుల ముక్కులో ఏళ్ల తరబడి వాడితే క్షేమమని ఆబర్న్ ప్రయోగాలు నిరూపించలేదు. ఎలుకకూ జాగిలానికీ పనికివచ్చినంత మాత్రాన మనిషికి మందు కాదు.

వాసన కోల్పోయినవారికి దారి లేకపోలేదు. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం: ఈ నాలుగింటినీ రోజుకు రెండుసార్లు, పన్నెండు వారాలపాటు శ్రద్ధగా వాసన చూసినవారిలో కొందరికి మేలు కలిగిందని జర్మనీ వైద్యులు 2009లోనే చూపారు. దీనికయ్యే ఖర్చు స్వల్పం, ప్రమాదమూ దాదాపు లేదు.

రెండు వారాలు దాటినా వాసన తెలియకపోతే చెవి, ముక్కు, గొంతు వైద్యుణ్ణి కలవండి. అది కొందరిలో పార్కిన్సన్స్ వ్యాధికి తొలి సూచన కావచ్చు. వంటగ్యాసు లీకైనా తెలియని ప్రమాదం సరేసరి. ముక్కుకు కావలసింది లోహపు పదును కాదు, శుభ్రమైన గాలి. దాని కోసం నిర్మాణ సంస్థలనూ పురపాలక అధికారులనూ నిలదీయండి.