నిధి ఎక్కడున్నదని కాదు, దారి ఎటువంటిదని అడగండి



మధుమేహం, రక్తపోటు, మోకాళ్ల అరుగుదల వంటి విషయాలను గురించి తరచుగా ముచ్చటించుకునే మనం ఈసారి కంప్యూటరులోని ఒక జాబితాను గురించి మాట్లాడుకుందాం. వైద్యుడికి దానితో పనేమిటని మీకు అనిపించవచ్చు. పని ఉన్నది. ఆ జాబితాను తప్పుగా వడపోసినందువల్ల మూడేళ్ల క్రితం న్యూజెర్సీలోని ఒక అడవి బాటలో నేను చెట్టు మొదట కూలబడవలసి వచ్చింది. నలభై ఏళ్లపాటు ఇతరులకు చెప్పిన జాగ్రత్తను నేనే పాటించలేదు.

పిల్లల వద్దకు ఆరు నెలలు అమెరికా వెళ్లే మన తల్లిదండ్రుల దినచర్య మీకు తెలియనిది కాదు. ఉదయం కొడుకూ కోడలూ ఎవరి పనిలో వారు మునిగిపోతారు. మనవడు బడికి వెళ్లిపోతాడు. కారు నడపడం రాదు, పక్కింటివారితో పరిచయం లేదు. ఇక్కడ రోజూ గంట నడిచినవారు అక్కడ సోఫాకు అంటుకుపోతారు. తిరిగివచ్చేటప్పటికి బరువూ, రక్తంలో చక్కెరా రెండూ పెరిగి ఉంటాయి. అరవై అయిదు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చేయాలని, దానితోపాటు తూలిపడకుండా నిలకడనిచ్చే వ్యాయామాలు వారానికి మూడు రోజులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. చెప్పడం తేలికే. ఎక్కడికి నడవాలి, ఎందుకు నడవాలి అన్న ప్రశ్నకు జవాబు దొరకనివారే ఎక్కువ.

మా అబ్బాయి ఆ ప్రశ్నకు చూపిన జవాబు జియోకాషింగ్. ఉపగ్రహ సంకేతాల ఆధారంగా, ఎవరో దాచిన చిన్న డబ్బాను వెతికి పట్టుకునే ఆట ఇది. 2000 మే నెల ఆరంభంలో అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాలలో కావాలని ఉంచిన లోపాన్ని తొలగించింది. మే 3వ తేదీన డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ సమీపాన ఒక నల్ల బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను అందరికీ తెలియజేశాడు. అంతటితో ఆట మొదలైంది. డబ్బా దొరికితే అందులోని చిన్న పుస్తకంలో పేరు వ్రాసి, దానిని ఉన్నచోటనే ఉంచి రావాలి. దొరికే నిధి అంతే. అయినా దానికోసం మా పదేళ్ల మనవడు ఫోను పక్కన పెట్టి నా చేయి పట్టుకుని రెండు మైళ్లు నడిచాడు. ఈ ఫలితం ఏ మందుచీటీతోనూ నేను సాధించి ఉండేవాడిని కాను.

అయితే అమెరికాలో ఏ ఊరి చుట్టూ చూసినా ఇటువంటి డబ్బాలు వందలకొద్దీ ఉంటాయి. వాటి వివరాలను పాకెట్ క్వెరీ అనే పద్ధతిలో ఒక్కసారికి వెయ్యి వరకు జీపీఎక్స్ ఫైలుగా దింపుకోవచ్చు. ఆ ఫైలును తెరిచి, అమర్చి, వడపోసి చూపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటిలో పేరుపొందినది విండోస్ కంప్యూటర్లలో పనిచేసే జీసాక్. ఒక్కొక్క డబ్బా ఒక్కొక్క వరుస. ఇంటినుంచి ఎంత దూరం, ఏ దిక్కు, డబ్బా పరిమాణం, కష్టం ఎంత, నేల ఎటువంటిది, చివరగా వెళ్లినవారికి దొరికిందా లేదా వంటివన్నీ నిలువు గడులలో కనిపిస్తాయి.

ఆ శనివారం మా అబ్బాయి జాబితాను రెండే రెండు ప్రశ్నలతో వడపోశాడు: ఇంటికి దగ్గరగా ఉన్నవి ఏవి? మేము ఇంకా కనుగొననివి ఏవి? ఏడు డబ్బాలు తేలాయి. మూడవది 400 మీటర్ల దూరంలోనే ఉన్నదని తెర మీద కనబడింది. కాని ఆ లెక్క పక్షి ఎగిరే దూరం. మధ్యలో ఒక వాగు ఉన్నది. వంతెన చుట్టి వెళ్లేటప్పటికి రెండున్నర కిలోమీటర్లయింది. అంతా ఎగుడుదిగుడు రాతి బాట. ఉదయం రెండు ఇడ్లీలు తిని గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకున్నాను. మధ్యాహ్న భోజనం వేళ దాటిపోయింది. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. "ఏమండీ, మీకు చక్కెర పడిపోతున్నట్లున్నది, కూర్చోండి" అన్నది మా ఆవిడ. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడినైన నేను మాత్రం "ఏమీ కాదు, ఇంకో వంద గజాలే" అంటున్నాను. చక్కెర పడిపోయినప్పుడు మనిషి వివేకం కూడా పడిపోతుందనడానికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు.

గ్లూకోమీటరు కారులోనే ఉండిపోయింది. మనవడి సంచిలోని పండ్లరసం పొట్లం నన్ను కాపాడింది. పరీక్ష చేసే సాధనం చేతిలో లేనప్పుడు దానికోసం ఎదురుచూడకూడదు. మనిషి మింగగలిగిన స్థితిలో ఉంటే సుమారు 15 గ్రాముల చక్కెర, అంటే మూడు నాలుగు చిన్న చెంచాలు, లేదా పండ్లరసం వెంటనే ఇవ్వాలి. పదిహేను నిమిషాలలో తేరుకోకపోతే మరల ఇవ్వాలి. తేరుకున్న తరువాత భోజనం పెట్టాలి. స్పృహ తప్పినవారి నోట్లో మాత్రం ఏదీ పోయరాదు. వెంటనే అంబులెన్సును పిలవాలి.

ఇంటికి వచ్చిన తరువాత అబ్బాయి ఎంతో నొచ్చుకున్నాడు. ఇక ఈ ఆటే వద్దన్నాడు. నేను ఒప్పుకోలేదు. తప్పు ఆటది కాదు, సాఫ్ట్‌వేరుది కూడా కాదు. మేము అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని జాబితాను మొదటినుంచి చూశాం. ప్రతి డబ్బాకు రెండు అంకెలు వేరువేరుగా ఉన్నాయి. ఒకటి వెతకడంలోని కష్టం, రెండవది నేల తీరు. రెండూ 1 నుంచి 5 వరకు, అర చొప్పున పెరుగుతాయి. నేల అంకె 1 అంటే చక్రాల కుర్చీ కూడా చేరగల చోటు. 5 అంటే పడవో, తాళ్లో, మరో ప్రత్యేక సాధనమో కావలసిన చోటు. నేను కూలబడిన దారి అంకె 3.5. ఆ అంకె మా జాబితాలోనే ఉన్నది. మేము ఆ గడిని చూడనే లేదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసిన రోజులు అప్పుడు నాకు గుర్తుకు వచ్చాయి. గర్భిణుల రిజిస్టరులో రెండు మూడు వందల పేర్లు ఉండేవి. అందరినీ ఒకే వరుసలో చూస్తే ఎవరూ కనబడరు. రక్తహీనత ఉన్నవారు, రక్తపోటు పెరిగినవారు, ముందు కాన్పు ఆపరేషన్ అయినవారు, ఈ పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టించేవాడిని. ఆరోగ్య కార్యకర్త ఊరిలోకి వెళ్లేముందు ఆ ఎర్ర గుర్తులనే వ్రాసుకుని వెళ్లేది. జీసాక్ చేసేదీ ఆ పనే. ఎర్ర గుర్తు ఎక్కడ పెట్టాలో చెప్పవలసినది మాత్రం మనమే.

ఇప్పుడు మేము పాటిస్తున్న వడపోతను మీ ముందు ఉంచుతున్నాను.

1. మొదట నేల అంకె, తరువాతే దూరం. కీళ్ల నొప్పులున్నవారికి 1.5కు మించనివి. అలవాటైన కొద్దీ 2 వరకు వెళ్లవచ్చు. వెతకడంలోని కష్టం 3 ఉన్నా ఫరవాలేదు; అది బుర్రకు పని, మోకాలికి కాదు.

2. దారి వెంబడి వడపోత. పటం మీద ఒక గీత గీసి, దానికి ఇరువైపులా ఇంత దూరంలో ఉన్నవే చూపమని అడిగే సౌకర్యం జీసాక్‌లో ఉన్నది. మేము డెలావేర్–రారిటన్ కాలువ గట్టు వెంట గీత గీసుకున్నాం. ఒకప్పుడు పడవలను లాగిన జంతువులు నడిచిన ఆ గట్టు ఇంచుమించు చదునుగా ఉంటుంది. మన గోదావరి కాలువ గట్లమీద నడిచినవారికి అక్కడ ఇల్లు గుర్తుకు వస్తుంది. వాగుకు అవతల ఉన్నవి ఆ జాబితాలోకి రానే రావు.

3. గుర్తుల వడపోత. మంచినీరు, మరుగుదొడ్డి, కారు నిలిపే చోటు దగ్గరలో ఉన్నాయా, పిడుదులు, విషపు మొక్కలు ఉన్నాయా అన్నది చిన్న గుర్తులతో తెలియజేస్తారు. ప్రోస్టేటు వాచినవారికి, నీరుడు మాత్రలు వేసుకునేవారికి మరుగుదొడ్డి గుర్తు ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. న్యూజెర్సీలో పిడుదుల వల్ల లైమ్ వ్యాధి వస్తుంది. ఇవి మన పశువులకు పట్టే గోమార్ల వంటివే. ఇంటికి రాగానే ఒళ్లంతా పరీక్షించుకోవాలి. చర్మం మీద వలయంగా విస్తరించే ఎర్రని మచ్చ కనిపిస్తే వైద్యునికి చూపించాలి. మూడేసి ఆకులతో ఉండే పాయిజన్ ఐవీని ముట్టుకోరాదు.

4. చివరి నాలుగు ఫలితాలు. జీసాక్ వాటిని రంగు గడులుగా చూపుతుంది. దొరకలేదన్న ఎర్ర గడులే వరుసగా ఉంటే డబ్బా అక్కడ లేకపోవచ్చు. లేని డబ్బాకోసం అరగంట వంగి వెతికితే నడుము పట్టేస్తుంది.

5. పొడుపు డబ్బాల విషయంలో జాగ్రత్త. వీటికి మొదట చూపే చోటు అసలు చోటు కాదు. ఇంట్లో కూర్చుని చిక్కు విప్పి, సరిదిద్దిన అక్షాంశ రేఖాంశాలను నమోదు చేసిన తరువాతే దూరాన్ని నమ్మాలి.

"నడవడానికి ఇంత హంగామా ఎందుకండీ, వీధిలో నడవచ్చు కదా" అని ఒక మిత్రుడు అన్నాడు. వీధిలో రోజూ నడవగలిగేవారు తప్పక నడవండి, మీకు ఇదేదీ అవసరం లేదు. నేను వ్రాస్తున్నది నడవడానికి కారణం వెతుక్కునేవారికోసం. మరొకరు, ఇంతగా వడపోస్తే ఆటలో వింత ఏముంటుందన్నారు. డబ్బా ఎక్కడ దాగి ఉన్నదన్న వింత అలాగే ఉంటుంది. అంబులెన్సు ఎక్కడినుంచి వస్తుందన్న వింత మాత్రం మాకు వద్దు.

ఇంకొక మాట. ఈ సాఫ్ట్‌వేరును డెబ్బై దాటిన తరువాత నేనే నేర్చుకున్నాను. దీనివల్ల మతిమరుపు రాకుండా పోతుందని నేను చెప్పను. కాని మంగళవారం జాబితా సిద్ధం చేసి, శనివారం "ఈ నాలుగూ" అని అబ్బాయి ముందు పెట్టినప్పుడు, ఎవరో తీసుకువెళితే వెళ్లే సామానుగా కాక, దారి చూపే పెద్దగా నిలబడ్డాను. అక్కడ మన వయసువారిని కుంగదీసేది మోకాలి నొప్పికంటె ఆ పెద్దరికం పోవడమే.

వడపోతకు హద్దులు కూడా ఉన్నాయి. మనం దింపుకున్న ఫైలు ఆనాటి స్థితినే చెబుతుంది. వాన కురిసి దారి బురదయితే అంకె మారదు. ఆరు నెలల నాటి రక్తపరీక్షను చూసి ఈనాటి మందు వ్రాయనట్లే, పాత జాబితాను నమ్మి బయలుదేరకూడదు. బయలుదేరేముందు దాన్ని తాజా చేసుకోండి. ఎక్కువ డబ్బాలు దొరకబుచ్చుకున్నవాడే గొప్ప అనే లెక్కలో కూడా పడకండి. ఆ ఏడింటి మోజే నన్ను చెట్టుకింద కూర్చోబెట్టింది. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవారు, ఇన్సులిన్ వాడేవారు మీ వైద్యుని సలహా తీసుకుని మొదలుపెట్టండి. జేబులో చక్కెర, చేతిలో నీళ్లు, పక్కన మరో మనిషి తప్పక ఉండాలి.

విదేశాలలో ఉన్న పిల్లలకు నా విన్నపం ఒక్కటే. అమ్మానాన్నలను బయటికి తీసుకువెళ్లే ముందు జాబితాలో ఎన్ని ఉన్నాయని చూడకండి. వాటిలో వారి మోకాళ్లకు తగినవి, వారి మాత్రల వేళకు ఇమిడేవి ఎన్ని ఉన్నాయో చూడండి. ఆ వడపోతకు పట్టేది పది నిమిషాలు.

మరుసటి శనివారం మేము కాలువ గట్టుకు వెళ్లాం. మూడే డబ్బాలు. మూడవది మా ఆవిడ కనిపెట్టింది. చిన్న పుస్తకంలో తెలుగులో సంతకం చేసి, "ఇక భోజనానికి పదండి, వేళయింది" అన్నది. ఈసారి నేను మారు మాట్లాడలేదు.

సర్వేజనాః సుఖినోభవంతు.