పొల్లు పోలేదంటారు, పేరా పోయింది!

మన పల్లెల్లో ప్రార్థన మందిరం పెద్దలు కొందరు ఒకే పాట పాడుతుంటారు. 'బైబిల్లో పొల్లు పోలేదు, సున్న పోలేదు. చదవండి, లోబడండి, ప్రశ్నలు అడక్కండి.' ఈ పాట ఎవరికి పనికొస్తుందో చూస్తూనే ఉన్నాం. కూలి పెంచమన్నవాడికి లోబడమని వాక్యం చూపిస్తారు. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి నిలదీసిన అక్కకీ లోబడమనే వాక్యం చూపిస్తారు.

మేం వాక్యాన్ని వద్దనడం లేదు. వేదం వింటే శూద్రుడి చెవిలో సీసం పోయమన్న దేశంలో మా తాతల్లో చాలామందికి అక్షరం దొరికింది ఆ పుస్తకంలోనే. అందుకే అడుగుతున్నాం. ఈ పుస్తకం మా చేతికి ఎలా వచ్చింది? ఎవరు చూసి రాశారు? ఎక్కడ చెయ్యి జారింది? ఇది అడిగే హక్కు మాకు లేదా?

నిజం ఇదీ. మనం పాత నిబంధన అనే హెబ్రీ లేఖనాలకు మొదటి రాతప్రతి ఒక్కటీ మిగల్లేదు. ఉన్నవన్నీ నకళ్ళు, నకళ్ళకు నకళ్ళు. మొత్తంగా దొరికే హెబ్రీ ప్రతుల్లో పాతది 1008 ప్రాంతంలో కైరోలో రాసింది. ఇప్పుడు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ గ్రంథాలయంలో ఉంది. అంతకన్నా పాతది, సుమారు 930 నాటిది, సిరియాలోని అలెప్పోలో యూదుల మందిరంలో ఉండేది. 1947లో అల్లరిమూక ఆ మందిరానికి నిప్పు పెట్టింది. చాలా పుటలు పోయాయి. మిగిలినవి 1958లో జెరూసలేం చేరాయి. యూదు లేఖకులు అక్షరాలు లెక్కపెట్టి మరీ ఈ పుస్తకాన్ని కాపాడారు. వాళ్ళ కష్టానికి దండం పెడతాం. కానీ మనిషి చెయ్యి మనిషి చెయ్యే.

బడిలో పిల్లల చేత చూచిరాత రాయించే మాకు ఇది కొత్త కాదు. రెండు చోట్ల ఒకే మాట ఉంటే పిల్లవాడి కన్ను మొదటి చోటు నుంచి రెండో చోటుకి దూకుతుంది. నడుమ నాలుగు లైన్లు మాయం. పిల్లవాడు దొంగ కాదు, కన్ను జారింది అంతే.

సమూయేలు మొదటి గ్రంథం పదకొండో అధ్యాయం తీయండి. అమ్మోనీయుల రాజు నాహాషు యాబేష్గిలాదు మీదికి వస్తాడు. మీ కుడికళ్ళు పీకించుకుంటేనే ఒప్పందం అంటాడు. ఈ దుర్మార్గం ఎక్కణ్ణుంచి ఊడిపడింది? మృత సముద్రం ఒడ్డున కుమ్రాను గుహలో దొరికిన సమూయేలు చుట్టలో దీనికి ముందు ఒక పేరా ఉంది. నాహాషు అప్పటికే గాదీయులనూ రూబేనీయులనూ చిత్రహింసలు పెట్టాడు, ఒక్కొక్కరి కుడికన్ను పీకించాడు, తప్పించుకున్న ఏడువేల మంది యాబేష్గిలాదులో తలదాచుకున్నారు. ఇదీ ఆ పేరా. మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ కూడా ఇలాంటి సంగతే చెప్పాడు. ఇది తర్వాత చేర్చిందని కొందరు పండితులంటారు. నకలు రాసేటప్పుడు జారిపోయిందని చాలామంది అంటారు. 1989లో వచ్చిన ఒక పేరున్న ఇంగ్లీషు బైబిలు దాన్ని తిరిగి లోపల పెట్టింది. అన్నలారా, అక్కలారా, జారిపోయిందేమిటో చూడండి. హింస పడ్డవాళ్ళ సాక్ష్యం!

ఇంకోటి. గొల్యాతు ఎత్తు ఆరు మూరల జానెడని, అంటే దాదాపు పది అడుగులని చదువుకున్నాం. ఆ కుమ్రాను చుట్టలోనూ, ప్రాచీన గ్రీకు అనువాదంలోనూ నాలుగు మూరల జానెడే. ఏడడుగులకు లోపే! మన ఊరి దొరలూ అంతే. చెప్పేకొద్దీ పెరుగుతారు, కొలిచి చూస్తే మనుషులే.

ఇలాంటి తేడాలన్నీ పోగుచేసి, ఏ ప్రతిలో ఏముందో పక్కపక్కన పెట్టి, ఏది పాతదో కారణంతో చెప్పడమే పరిష్కరణ. జర్మనీలో రుడాల్ఫ్ కిటెల్ 1906లో అలాంటి ముద్రణ తెచ్చాడు. 1937కి పూర్తయిన మూడో కూర్పు నుంచి 1008 నాటి ప్రతిని ఆధారం చేసుకున్నారు. 1977 నాటి స్టుట్‌గార్ట్ ముద్రణా దానిమీదే. 2004 నుంచి మరో కొత్త కూర్పు భాగాలుగా వస్తోంది. జెరూసలేంలో అలెప్పో ప్రతి ఆధారంగా ఇంకో పని సాగుతోంది. వీళ్ళు పైన ఒక ప్రతిని ఉన్నదున్నట్టు అచ్చేసి, తేడాలన్నీ కింద పెడతారు. ఊరికి దిగువన వాడ ఉన్నట్టు, పేజీకి దిగువన చిన్న అక్షరాల్లో! స్టుట్‌గార్ట్ ముద్రణలో ఆ చిన్న అక్షరాలు కూడా లాటిన్ పొట్టిమాటల్లో ఉంటాయి. మరికొందరు పండితులు సరైన పాఠాన్ని ఎంచి పైకే తెస్తామన్నారు. 2015లో సామెతల గ్రంథం అలా వెలువడింది. ఏది మంచి పద్ధతో పండితులు తేల్చుకోనీ. మా గొడవ ఒక్కటే. అడుగున ఉన్న మాట అందరికీ వినబడాలి.

పండితులూ తక్కువ తినలేదు. 1947లో ఆ చుట్టల్ని మొదట చూసింది ఎవరు? గొర్రెలూ మేకలూ కాసుకునే తఆమిరే తెగవాళ్ళు. 1952లో నాలుగో గుహను కనిపెట్టిందీ వాళ్ళే. ఆ గుహ ముక్కలు గుప్పెడుమంది ఆచార్యుల చేతికి పోయాయి. వాళ్ళు మిగతా ప్రపంచానికి తలుపు మూసేశారు. తమ శిష్యులకే పంచుకున్నారు. ఆ మొదటి జట్టులో ఒక్క యూదుణ్ణి కూడా చేర్చుకోలేదు. ఎవరి గ్రంథమో వాళ్ళకే చోటు లేదు! చివరికి 1991లో అమెరికాలో ఇద్దరు, పదసూచికను కంప్యూటర్లో వేసి ఆ రాతల్ని తిరిగి కూర్చి అచ్చేశారు. అదే ఏడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ గ్రంథాలయం ఫోటోలను అందరికీ తెరిచింది. అప్పుడు గానీ తాళం ఊడలేదు. మనం చెప్పుకున్న సమూయేలు చుట్ట పూర్తి ముద్రణ 2005కి గానీ రాలేదు. గుహ దొరికిన యాభై మూడేళ్ళకు! జంధ్యం లేకపోయినా బ్రాహ్మణ్యం ఉంటుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇది చదివి 'చూశారా, మీ బైబిల్లో తప్పులు' అని ఎగిరే కాషాయం వాళ్ళకు ఒక మాట. మహాభారతానికీ పుణెలో 1919 నుంచి 1966 దాకా ఇదే పని చేశారు. ప్రతికీ ప్రతికీ ఎన్ని తేడాలో అక్కడా తేలింది. ఏ గ్రంథమూ ఆకాశం నుంచి అచ్చయి రాలిపడలేదు. బాబాసాహెబ్ నేర్పింది ఇదే కదా. పవిత్రమన్న ప్రతి పుస్తకాన్నీ పోల్చి చదివాడు, నిలదీశాడు. ఆయన అలా రాసిన వాటిని 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అచ్చువేస్తే ఎంత రభస చేశారో మరిచిపోయామా?

కాబట్టి మేం అడుగుతున్నాం. ప్రతులు తేడా పడ్డ ముఖ్యమైన చోట్లన్నీ పేజీ కింద తేట తెలుగులో చెప్తూ బైబిలు అచ్చెయ్యండి. గ్రీకు, హెబ్రీ నేర్చుకుని వచ్చిన పాస్టర్లు ఆ చదువును వాడకు తీసుకురండి, సర్టిఫికెట్‌తో పాటు గోడకు తగిలించకండి. మన పిల్లల్లో ఇష్టమున్నవాళ్ళకు ఆ భాషలు నేర్పండి. చెప్పులు కుట్టిన చెయ్యి చర్మపు చుట్టను చదవలేదా?

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ వారం రాత్రిబడిలో సమూయేలు పదకొండో అధ్యాయం తీసి గట్టిగా చదవండి. జారిపోయిన ఆ పేరా సంగతి నోటితో చెప్పండి. 'పొల్లు పోలేదు' అన్న పెద్దమనిషిని కూడా పిలవండి. కోపంగా కాదు, మర్యాదగానే అడగండి: 'అయ్యా, ఆ ఏడువేల మంది ఎక్కడికి పోయారు?'

జై భీమ్!