సొమ్మొకరిది, సోకొకరిది

పాత పాటలంటే ఇష్టమేనా అని ఎవర్నైనా అడగండి. "అబ్బో! ఎన్టీఆర్ పాటలు, ఏయన్నార్ పాటలు, సావిత్రి పాటలు..." అని మొదలెడతారు. ఇదెక్కడి న్యాయమండీ? పెదవులు కదిపినవాళ్ళకి పాట రాసిచ్చేసి, రాసినవాళ్ళనీ, బాణీ కట్టినవాళ్ళనీ, గొంతిచ్చినవాళ్ళనీ గుమ్మం బయట నిలబెట్టడమా?

1951 నాటి 'మల్లీశ్వరి' నాకు ప్రాణం. మాటలు కృష్ణశాస్త్రిగారివి, బాణీలు సాలూరి రాజేశ్వరరావుగారివి. భానుమతిగారు తన పాటలు తానే పాడుకున్నారు గనక వాటిని ఆవిడ పాటలంటే ఒప్పుకుంటాను. కానీ 1957లో వచ్చిన 'మాయాబజార్' పడవ పాటలో సావిత్రి గొంతనుకుని మనం మురిసిపోయేది పి. లీలగారి గొంతు. ఆ మాటలల్లింది పింగళివారు. 1980లో 'శంకరాభరణం' చూసి సోమయాజులుగారు ఎంత బాగా పాడారోనన్నవాళ్ళు నాకు తెలుసు. ఆ గానానికి జాతీయ బహుమతి అందుకున్నది బాలసుబ్రహ్మణ్యంగారు. వేటూరివారి ఊసు, మహదేవన్‌గారి ఊసు ఎవరెత్తారు?

నా చిన్నప్పుడు రేడియోలో పాటకి ముందు చిత్రం, రచన, సంగీతం, గానం అన్నీ చదివేవారు. బడి మొహం చూడని అమ్మమ్మలు సైతం వంటింట్లోంచే "ఇది ఆత్రేయది, అది కొసరాజుది" అని తేల్చేసేవారు. ఇప్పుడు ఫోనులో హీరో బొమ్మొకటి, కింద 'సూపర్ హిట్స్' అని రెండు ముక్కలు!

కలం పట్టి బతికేదాన్ని గనక ఈ ఉక్రోషమంటారా? అనండి, ఫరవాలేదు. పిల్లలకి పాట వినిపించే ముందు మాత్రం ఆ మూడు పేర్లూ చెప్పండి. అర నిమిషం పట్టదు.